పటం ప్రాజెక్టు డైరీ: మా కులం కథ, వాళ్ల మూట

సంక్రాంతి తర్వాత

చేయాల్సిన పని ముందుగా రాసిపెట్టుకుంటున్నాను. మా పద్మశాలీల కులపురాణం చెప్పే కూనపులి కుటుంబం ఒకటి సిద్ధిపేట వైపు ఉంది. వాళ్ల దగ్గర ఒక పాత పటం ఉంది. గజం వెడల్పు, ఇంటి ముందర పరిస్తే వాకిలి దాటి వీధిలోకి వెళ్లేంత పొడవు, నిండా బొమ్మలు. దాన్ని మొత్తంగా ఫొటో తీయాలి. కథకుడి గొంతు రికార్డు చేయాలి. మా ఊరి మార్కండేయ గుడి పక్కనున్న హాలులో శ్రావణ పౌర్ణమికి ప్రదర్శన పెట్టాలి. ఆ రోజు మాకు నూలు పౌర్ణమి, జంధ్యాలు మార్చుకునే రోజు, స్వామి ఊరేగింపు కూడా అప్పుడే. ఖర్చు కుల సంఘానిది. కెమెరా, లైట్లు, ఒళ్లు నొప్పులు నావి. సిరిసిల్లలో ఫొటో స్టూడియో నడుపుతున్నవాడికి ఇంతకన్నా మంచి పని ఎప్పుడొస్తుంది?

సంఘం పెద్దలు ఒక్క మాటే చెప్పారు: "మన కులం ఎంత గొప్పదో పిల్లలకు తెలియాలి." సరే అన్నాను. అయితే ఆ గొప్పతనం మా ఇళ్లలో ఎక్కడా రాసి లేదు. అది ఉన్నది మాకన్నా పేదవాళ్ల మూటలో. ఈ విషయం ప్రదర్శనలో ఎక్కడో ఒకచోట కనిపించాలని అప్పుడే అనుకున్నాను.

తెలియని వాళ్ల కోసం కొంచెం నేపథ్యం. తెలంగాణలో చాలా కులాలకు వాటి పుట్టుక కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంటుంది. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడ జెట్టీలు, చాకలివారికి పటంవారు, మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందహెచ్చులవారు. ఒక్కొక్కరికీ ఒక్కో పురాణం. కొందరికి పటం, కొందరికి బొమ్మలు, డక్కలివారికి కిన్నెర. తమ పోషక కులం దగ్గర తప్ప మరొకరి గడపలో చేయి చాపకపోవడం వాళ్ల కట్టుబాటు. కథ చెప్పినందుకు మేమిచ్చేదాన్ని త్యాగం అంటారు. భిక్ష అన్నామో, కథకుడు పటం చుట్టేసి లేచిపోగలడు.

మాఘమాసం

పటం విప్పాం. విప్పడానికే సగం పొద్దు పట్టింది. కథకుడిని నేను తాత అనే పిలుస్తున్నాను. ఆయన ముందుగా దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పటానికి మొక్కాకే ముడి ముట్టుకోనిచ్చాడు.

మొదటి వరుసలో వినాయకుడు. అక్కడి నుంచి కిందికి కథ దిగుతూ వస్తుంది. ఒక్కో వరుసకూ మధ్య పూలతీగ పట్టీ. వెనక రంగు అంతటా ఇటుక ఎరుపు. చేర్యాలలో పటాలు గీసే నకాషీల పని అని చూడగానే తెలుస్తుంది. 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ చేర్యాల బొమ్మలకే. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తిరుమణి జిగురు కలిపి పూతలు వేసి, ఆరాక గీస్తారు. పాతకాలం రంగులు ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, ఇంకా నీలి, శంఖం తెలుపు, దీపం మసి. ఈ పటంలో తెలుపు బాగా పొలుసులు లేస్తోంది. ఎరుపు మాత్రం నిన్న వేసినట్టుంది.

ముక్కు ఆనేంత దగ్గరగా చూసిన చోటు ఒకటుంది. మా మూలపురుషుడు భావనారుషి మగ్గం మీద కూర్చున్న బొమ్మ. విష్ణుమూర్తి నాభికమలం నుంచి తెచ్చిన తామరతూడు నారతో దేవతలకు మొదటి వస్త్రం నేసే ఘట్టం. మగ్గం గుంటమగ్గమే. గుంటలో ఉన్న కాళ్లు బయటి నుంచి చూసేవాడికి కనిపించవు. చిత్రకారుడు మాత్రం గుంటను అడ్డంగా కోసినట్టు చూపించి, రెండు పాదాలనూ తొక్కుడు చెక్కల మీద గీశాడు. ఎడమ పాదం కిందికి నొక్కి ఉంది, దానికి తగినట్టే పైన ఒక బద్ద దిగి, పడుగు నోరు తెరుచుకుని ఉంది. నాడె రుషి కుడిచేతిలో ఉంది, ఇంకా వేయలేదు. మా పెద్దనాన్న కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "ఈ గీసినాయన నేత తెలిసినవాడే" అన్నాడు. మనిషి ఇరవై ఏళ్లు గుంటలో కూర్చుని, తర్వాత మరమగ్గాల దగ్గరికి పోయినవాడు. ఆయన మాట మీద నాకు నమ్మకం.

ఇంకాస్త కిందికి వస్తే పులి మీద భావనారుషి. ఆ పక్కన సూర్యుడి కూతురు భద్రావతితో పెళ్లి. మా పిల్లలకు బాగా నచ్చబోయేది ఈ పులే.

అన్నిటికన్నా అడుగున రెండు వరుసల రాత. ఏయే ఊళ్ల పద్మశాలీలు ఎంతెంత త్యాగమిస్తే ఈ పటం తయారైందో ఆ వివరం. ఊళ్ల పేర్లలో మా ఊరు కూడా ఉంది. అక్షరాలు సగం చెరిగాయి, ఏ సంవత్సరమో చదవలేకపోయాం.

ఫొటోల పని సంగతి. నేల మీద ఉతికిన తెల్ల పంచెలు పరిచి పటం ఉంచాను. కెమెరాను అడ్డకడ్డీకి నేరుగా కిందికి చూసేలా బిగించి, రెండు పక్కల నుంచీ ఏటవాలుగా మెత్తని వెలుతురు ఇచ్చాను. ఫ్లాష్ వాడలేదు. చదునుగా ఉండడానికి అద్దం పెడితే పొలుసులు రాలతాయి కాబట్టి అదీ లేదు. ప్రతి ఫ్రేములో మూడో వంతు ముందటి ఫ్రేముతో కలిసేలా జరుపుతూ తీశాను. తీరా కంప్యూటర్‌లో అతికించబోతే పూలతీగ పట్టీల దగ్గర సాఫ్ట్‌వేర్ తికమకపడింది. అన్ని పూలూ ఒకేలా ఉంటాయి. ఈ పువ్వును ఆ పువ్వనుకుని మధ్యలో ఒక రాక్షసుడినే మింగేసింది. తరుణోపాయం పెద్దనాన్నే చెప్పాడు. పటం అంచు వెంట నూలుపోగు లాగి, జానెడుకో రంగుదారం ముడి వేశాడు, పడుగుకు గుర్తులు పెట్టినట్టు. మళ్లీ తీశాక ముడుల లెక్కన అన్నీ సరిగ్గా కూర్చున్నాయి.

ఫాల్గుణం

హాలులో పెట్టే బోర్డులు రాస్తున్నాను. పురాణం ఒక గోడకు సరిపోతుంది. ఎదురు గోడకు కాగితాల్లో ఉన్న చరిత్ర.

కాగితాలు పురాణంలా ప్రేమగా మాట్లాడవు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశారు. 1920లో నిజాం రాజ్యంలోని కులాల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథం వచ్చింది. రెండూ మమ్మల్ని బయటి నుంచి చూసి రాసినవే. 1901 జనగణనలో కమిషనర్ రిస్లీ కులాలను సామాజిక మర్యాద వరుసలో పేర్చమన్నాడు. అక్కడి నుంచి దేశమంతా కుల సంఘాలు అర్జీల మీద అర్జీలు పెట్టాయి. మా పేరు ఇలా రాయండి, మమ్మల్ని ఫలానా వారి పైన ఉంచండి అని. ఊరి పంక్తిలో తేలాల్సిన హెచ్చుతగ్గులు సర్కారు పట్టికలోకి ఎక్కాయి.

1931 తర్వాత జనగణనలో అన్ని కులాల లెక్కా తీయడం ఆగిపోయింది. మళ్లీ తీయాలని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. ఈ మధ్యలో పుట్టిన జాబితాలే మా బతుకును నిర్ణయించాయి. అనంతరామన్ కమిషన్ నివేదిక ఆధారంగా 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతులను నాలుగు గుంపులు చేసింది. రిజర్వేషన్లు 'ఏ' గుంపుకు 7 శాతం, 'బీ'కి 10, 'సీ'కి 1, 'డీ'కి 7. చేతివృత్తుల వాళ్లున్న బీ గుంపులో పద్మశాలీలు, దేవాంగులు ఉన్నారు. కూనపులివారు 'ఏ' గుంపులో ఉన్నారు.

ఈ బోర్డు చూపిస్తే సంఘం పెద్దాయన ఒకరు మొహం చిట్లించారు. "రుషి సంతానం అని ఆ గోడ మీద రాసి, వెనుకబడినవాళ్లం అని ఈ గోడ మీద రాస్తావా?" అని అడిగారు. పక్కనే ఉన్న మా పెద్దనాన్న నవ్వి, "రెండూ మనమే కదా అన్నా. జంధ్యం వేసుకుని పోయి బీసీ సర్టిఫికెట్ తెచ్చుకోలేదా?" అన్నాడు. బోర్డు అలాగే ఉంచాను.

నిజానికి నేతవాళ్ల స్థానం ఎప్పుడూ ఇలా నడుమనే వేలాడింది. జంధ్యం ఉంది, గోత్రాలున్నాయి, గుడి ఉంది. భూమి లేదు. ఊళ్లో మర్యాదను తూచేది భూమి. నేసిన గుడ్డ కొనే షావుకారు, నూలు అప్పిచ్చే షావుకారు ఒకడే అయినప్పుడు భావనారుషి పులి దిగి వచ్చినా బేరం మారదు. మగ్గం నమ్ముకున్నవాళ్లు షోలాపూర్, భివండీ, సూరత్ పోయారు. అక్కడ కూలీలయ్యారు, కొందరు యజమానులయ్యారు. సిరిసిల్లలోనే చూడండి: పైన సేఠు, నడుమ అతని నూలుతో మగ్గాలు నడిపే ఆసామి, కింద కార్మికుడు. చాలా చోట్ల ముగ్గురూ పద్మశాలీలే. ముగ్గురూ ఒకే రోజు జంధ్యం మార్చుకుంటారు. మర్నాడు కూలి రేటు దగ్గర ముగ్గురివీ మూడు దారులు.

ఇక్కడ నేతన్నల ఆత్మహత్యల సంగతి రాయాలా వద్దా అని సంఘంలో వాదన నడిచింది. పండగ రోజు చావుల మాటెందుకన్నారు. ఈ ఊరి మరమగ్గాల చరిత్రలో ఆ ఏళ్లు తీసేస్తే 2017లో మొదలైన బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డర్లు ఎందుకంత పెద్ద విషయమయ్యాయో పిల్లలకు అర్థం కాదన్నాను. నాలుగు వాక్యాలకు ఒప్పుకున్నారు. నాలుగూ రాశాను.

కొండా లక్ష్మణ్ బాపూజీ బోర్డుకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. 1915లో వాంకిడిలో పుట్టాడు, చేనేత సహకార సంఘాలు కట్టాడు, తెలంగాణ కోసం 1969లో మంత్రి పదవి వదిలేశాడు. ఫొటో ఏది పెట్టాలన్న దాని మీద గంట చర్చ.

చైత్రం

రికార్డింగు. తాతతో పాటు ఆయన తమ్ముడు వంతపాటకు వచ్చాడు. తాత కొడుకు ఆటో నడుపుతాడు, కథ కొంచెమే వచ్చు.

స్టూడియోలో గోడలకు దుప్పట్లు కట్టి, మైకు పెట్టి, కానివ్వండి అన్నాను. తాత మొదలుపెట్టి, రెండు నిమిషాల్లో ఆగిపోయాడు. గొంతు బాగానే ఉంది. సమస్య వేరు. "ఎదురుగా కులం లేదు బిడ్డా. గోడకు చెప్పాలా?" అన్నాడు. కథ మధ్యలో ఫలానా గోత్రం వాళ్లు, ఫలానా ఇంటివాళ్లు అని కూర్చున్నవాళ్లను పేరు పెట్టి పిలవాలి, వాళ్లు పలకాలి, పదో పరకో వేయాలి. అప్పుడు గాని తర్వాతి ఘట్టంలోకి పోవడానికి వీలుండదట. చివరికి మా వాడకట్టు ఆడవాళ్లను, ముసలివాళ్లను తీసుకొచ్చి కూర్చోబెట్టాను. రికార్డింగులో పిల్లల ఏడుపు, గాజుల చప్పుడు, ఎవరిదో ఫోను మోత అన్నీ పడ్డాయి. కథ మాత్రం పుంజుకుంది.

విరామంలో మిరాశీ సంగతి చెప్పాడు. ఊళ్లన్నీ వాళ్ల కుటుంబాల మధ్య పంచుకుని ఉంటాయి. ఒకరి ఊళ్లోకి మరొకరు పటం పట్టుకుని పోకూడదు. ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. కష్టమొస్తే ఊళ్లను కుదువ పెట్టుకున్నవాళ్లున్నారు, పెళ్లిలో ఇచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అంటే మా ఊరు, అందులో మేమంతా, వాళ్ల ఆస్తి పత్రంలో ఒక వరుస. మేము వాళ్లను పోషిస్తున్నామనుకుంటాం. వాళ్ల లెక్కలో మేము వాళ్ల పొలం. చాలాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత, ఈ పొలంలో ఇప్పుడు ఎంత పండుతోంది అని అడిగాను. ఏడాదికి ఏ మూడు నాలుగు ఊళ్లో పిలుస్తాయన్నాడు. మిగతా చోట్ల తలుపులు తీస్తారు, మంచినీళ్లిస్తారు, టీవీ ఆపరు.

ఆశ్రిత కులాలు చాలావరకు తమ పోషక కులంతో తోబుట్టువుల వరస చెప్పుకుంటాయి. తాత కూడా మా పెద్దనాన్నను అన్నా అనే పిలుస్తాడు. అయినా కథ అయ్యాక అందరం అన్నాలకు లేచినప్పుడు తాతా ఆయన తమ్ముడూ ఎవరూ చెప్పకుండానే అరుగు చివరకు పోయి కూర్చున్నారు. మా వాళ్లలో ఎవరికీ అది వింతగా తోచలేదు. పెద్దనాన్న తన విస్తరి ఎత్తుకుని పోయి వాళ్ల పక్కన కూర్చున్నాడు. ఆయన చేసింది చూసి ఇద్దరు ముగ్గురు లేచారు. మిగతావాళ్లు లేవలేదు. ఈ సంగతి ఏ బోర్డు మీదా పట్టదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వైశాఖం

సంఘం సమావేశం. మొత్తం ప్రాజెక్టులో కష్టమైన ఘట్టం ఇదే.

యువకులు రికార్డింగు మొత్తాన్ని యూట్యూబ్‌లో పెట్టాలన్నారు, మొదట్లో "పద్మశాలి సంఘం సొత్తు" అని అక్షరాలు పడేలా. తాత కొడుకు లేచి నిలబడ్డాడు. "అంతా ఫోనులో పెట్టేస్తే మా నాయనను ఇంకెవరు పిలుస్తారు?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒకాయన మాత్రం, ఎలాగూ పిలవడం లేదు కదా, కనీసం కథైనా మిగులుతుంది అన్నారు. అదీ కొట్టిపారేయాల్సిన మాట కాదు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్పాను. పురాణం మాది అనడానికి మనకున్న ఆధారం వాళ్ల పటం, వాళ్ల గొంతు. మనం ఖర్చు పెట్టింది ఫొటోలకు. ఫొటోలు మనవి, పటం వాళ్లది. కథ పూర్తి రికార్డింగు వాళ్ల ఇంట్లో ఉండాలి. మన దగ్గర ఒక ఘట్టం చాలు, మగ్గం ఘట్టం. మిగతాది వినాలనుకున్న ఊరు వాళ్లను పిలవాలి, త్యాగమివ్వాలి.

సాగదీసి సాగదీసి, రాత్రి భోజనాల వేళకు ఒప్పుకున్నారు. కాగితం రాసుకున్నాం.

అదే కాగితం రాస్తుండగా తాత కొడుకు ఇంకో మాట అడిగాడు. కూతురి చదువుకు కుల ధ్రువపత్రం కావాలి. ఆఫీసులో ఆధారం అడుగుతున్నారు. సంచారంలో బతికినవాళ్లు, తాత బడి ముఖం చూడలేదు, భూమి కాగితం లేదు. "వీళ్లు మా కూనపులివారు, తరతరాలుగా మా కులపురాణం చెబుతున్నారు" అని పద్మశాలి సంఘం లెటర్‌హెడ్ మీద రాసిస్తే కొంత బలం అవుతుందన్నాడు. మా పుట్టుకకు సాక్ష్యం వాళ్లు, వాళ్ల పుట్టుకకు సాక్ష్యం మేము. సంఘం కార్యదర్శి అక్కడికక్కడే రాసి ముద్ర వేశారు. చాలాకాలం అసలు జాబితాకే ఎక్కని ఆశ్రిత కులాలు కూడా ఉన్నాయి. కాకిపడగల, గౌడ జెట్టి, పటంవారు, ఏనూటి వంటివాటితో కలిపి 17 కులాలను తెలంగాణ 2020లో బీసీ జాబితాలో చేర్చింది. 2024 నవంబరులో ఇంటింటి కులసర్వే జరిగినప్పుడు తాత మనవరాలే తమ వివరాలను దగ్గరుండి రాయించిందట.

జ్యేష్ఠం

ఫొటో పూర్తయింది. ఇప్పుడు అచ్చు. అసలు పటం ఇక కథల్లో విప్పకుండా ఉండాలంటే తాతకు వాడుకునే నకలు ఒకటి కావాలి. ముందు ఫ్లెక్సీ మీద వేయించి చూపించాను. తాత పట్టుకుని చూసి, "ఇది ఎన్నికలకు కట్టేది" అని పక్కన పెట్టేశాడు. దీపం వెలుతురులో మెరుస్తుంది, చుడితే మడత నిలుస్తుంది, అదీ నిజమే. తర్వాత నూలుగుడ్డ మీద డిజిటల్ అచ్చు వేయించాను. రంగులు బాగున్నాయి, బరువు సరిపోయింది. దీన్ని హాలు గోడకు పెట్టండి, కథకు పనికిరాదు అన్నాడు. పటం అంటే నకాషీ చేతిలో గీసి, చివర కళ్లు దిద్ది, పూజ చేసి ఇవ్వాల్సింది. పాతబడిన పటాన్ని మనిషికి చేసినట్టే సాగనంపి నదిలో విడుస్తారు. అచ్చుకు ప్రాణమెవరు పోస్తారు?

దాంతో ప్రాజెక్టు ఖర్చు పెరిగింది. చేర్యాలలో చిత్రకారుడి దగ్గరకు వెళ్లి నా ఫొటోలన్నీ చూపించాం. ఆయన వరుసల లెక్క చూసుకుని, ఇంత పొడవు పటం అడిగినవాళ్లు వచ్చి చాలా కాలమైందన్నాడు. ఈ మధ్య అంతా గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు, ముఖాలు, తాళాల గుత్తులేనట. ధర చెప్పాడు. సంఘం కోశాధికారి నా వైపు చూశారు. నేను పెద్దనాన్న వైపు చూశాను. పెద్దనాన్న ఫోను తీసి భివండీలో ఉన్న మా వాళ్లకు చేశాడు, తర్వాత షోలాపూర్‌కు. పాత పటం అడుగున ఉన్నట్టే ఊళ్ల వారీగా పేర్లు రాయిస్తామని చెప్పాడు. సాయంత్రానికి బయానాకు సరిపడా పోగైంది.

చిత్రకారుడు ఒక్కటే అడిగాడు: మగ్గం బొమ్మలో గుంట మూసి గీయనా, తెరిచి గీయనా? తాత, పెద్దనాన్న ఒకేసారి "తెరిచే" అన్నారు.

ఆషాఢం

మిగిలిన పనులు: బోర్డుల అచ్చు, హాలులో కరెంటు పాయింట్లు, మగ్గం ఘట్టం వినడానికి ఒక స్పీకరు. కొత్త పటం శ్రావణానికి సగమే అవుతుందని చేర్యాల నుంచి కబురు వచ్చింది. సగం పటంతో కథ చెప్పకూడదని తాత, ఉన్నంతవరకు చూపిద్దామని సంఘం. ప్రస్తుతానికి పాత పటాన్నే చివరిసారి విప్పడానికి ఒప్పుకున్నాడు, తెలుపు పొలుసులున్న వరుసల దగ్గర వేగంగా జరపాలన్న షరతు మీద. ఆ రోజు త్యాగం ఎంతో ముందే చెప్పాలని ఆయన కొడుకు కాగితంలో ఇంకో వాక్యం చేర్పించాడు. అంకె దగ్గర ఖాళీ వదిలాం, ఆదివారం సమావేశంలో నింపాలి. అన్నాల బంతి ఒక్కటే ఉండాలన్న వాక్యం పెద్దనాన్న చేర్పించాడు. దాని మీద కూడా ఆదివారమే తేలాలి.